"ఎంతరా?" అన్నారు నాన్న

ఈరోజు మత్తయి సువార్త 6వ అధ్యాయం. చింతించవద్దని యేసు ప్రభువు చెప్పిన భాగం. దీన్ని వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకోవడం తేలికే. ఐదో తారీఖున ఈఎంఐ కట్టాల్సినవాడికి చదవడమే కష్టం. నేను రెండూ చేశాను.

మాది నాగాయలంక దగ్గర పల్లెటూరు. మా ఇంట్లో అటక మీద ఎప్పుడూ ఒక బియ్యం బస్తా ఉంటుంది. అది దించి వండితే, ఆ వారమే ఇంకోటి పైకి ఎక్కాలి. నాన్న పద్ధతి అది. 1977 నవంబర్ 19, శనివారం, దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు ఆయనకి తొమ్మిదేళ్లు. వేల మంది పోయారు. వాళ్లలో ప్రార్థన చేసేవాళ్లు లేరా? ఉన్నారు. అందుకే "నమ్మినవాడికి ఏ నష్టమూ రాదు" అని ఎవరైనా ప్రసంగిస్తే మా ఊరి పెద్దవాళ్లు ఆమెన్ అనరు. తల దించుకుని కూర్చుంటారు.

నేనేమో బీటెక్ అయ్యి, హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చిన కొత్తలో, "బస్తా దాచుకున్నావంటే నీకు విశ్వాసం లేనట్టే నాన్నా" అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నారు. అప్పుడు నాకు నెలనెలా జీతం పడుతోంది మరి. నా విశ్వాసం అనుకున్నది ఆ శాలరీ మెసేజే.

తర్వాత ఉద్యోగం పోయింది. క్రెడిట్ కార్డు బాకీ, అది కట్టడానికి పర్సనల్ లోన్, ఇది కట్టడానికి రెండు లోన్ యాప్‌లు. ఏడు నెలలు ఇంట్లో చెప్పలేదు. ఆదివారం చర్చిలో పాటలు పాడేవాణ్ణి, రాత్రి మూడింటికి లేచి ఫోన్ చూసుకునేవాణ్ణి. ఒక మీటింగ్‌లో విత్తనం వేస్తే నూరంతలు వస్తుందంటే, కార్డు మీదే ఐదు వేలు పంపాను. అప్పు చేసి కానుక! దేవుడితో బేరమాడాను, అంతే.

చివరికి రికవరీ వాళ్లు నాన్నకే ఫోన్ చేశారు. ఆయన తిట్టలేదు. "ఎంతరా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. కోడ్ రాసి బతికినవాణ్ణి, భయం వేసి ఒక్కసారి కూడా కూడి చూడలేదు. ఆ రాత్రి నోట్‌బుక్‌లో రాస్తే 4,62,000 తేలింది. పెద్ద మొత్తమే. కానీ చాలా నెలల తర్వాత ఆ రాత్రే నిద్ర పట్టింది.

లూకా 14 చూడండి. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకుంటాడని చెప్పింది కూడా యేసు ప్రభువే. అక్కడ సంగతి శిష్యత్వం గురించి, ఒప్పుకుంటాను. అయినా లెక్క చూడటాన్ని ఆయన తప్పు పట్టలేదు. ఇక మత్తయి 6లో చింత మాట 25వ వచనంలో మొదలవుతుంది. దానికి ముందు 24లో, దేవునికీ సిరికీ ఇద్దరికీ దాసుడిగా ఉండలేవంటాడు. మనం 24 వదిలేసి 25 చదువుతాం. పొద్దున లేవగానే నేను ముందు ఎవరి మెసేజ్ చూసేవాణ్ణి? ఆ యాప్‌ది. నా యజమాని అదే.

ఇంకో సంగతి. ఉప్పెన తర్వాత ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి చందాలు అడిగారు. మండలి వెంకట కృష్ణారావు గారు బాధితుల కోసం తిరిగారు. ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి వండి పెట్టారు. "దేవుడే పోషించాడు" అనేది మా నానమ్మ. ఆమె ఆ గంజి గురించే అనేది. పరలోక ప్రార్థనలో మనం "మా" ఆహారం అని అడుగుతాం. నేను తలుపేసుకుని "నా" అని అడిగాను. నాన్నకి చెప్పాకే గుడివాడ మావయ్యకి తెలిసింది, రెండు లక్షలు వడ్డీ లేకుండా ఇచ్చారు.

మీరూ యాప్‌లో ఇరుక్కుంటే, రిజర్వ్ బ్యాంక్ 2022లో చెప్పింది గుర్తుపెట్టుకోండి. ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత వసూలు ఫోన్లు చేయకూడదు. లోన్ యాప్ మీ ఫోన్‌లో కాంటాక్ట్స్ జోలికి వెళ్లకూడదు. ఫొటోలు మార్చి బెదిరిస్తే 1930కి ఫోన్ చెయ్యండి. ఇది అవిశ్వాసం కాదు. ముందు ఇంట్లో చెప్పండి.

నాకింకా 1,80,000 బాకీ ఉంది. ఇప్పుడు బందరులోనే ఉంటున్నాను కాబట్టి, కిందటి నెల అటక మీదకి బస్తా నేనే ఎక్కించాను. దశమభాగం గురించి వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. ప్రార్థన చేసుకుందామండి.