వెలుగు తాకిన రంగు

1897వ సంవత్సరపు శీతకాలమున, జర్మనీలోని మ్యూనిక్ నగరంలో ఆస్కర్ రాబ్ అను వైద్యవిద్యార్థి ఒక చిక్కులో పడెను. ఆచార్యుడు ఫాన్ టాపైనర్ ఒప్పగించిన పని చిన్నదే. ఆక్రిడిన్ కలిపిన నీటిలో పేరమీషియం అను ఏకకణ జీవులు ఎంతసేపటికి చచ్చునో చూచి చెప్పవలెను. నీరు అదే, మోతాదు అదే. అయినను ఒకనాడు త్వరగా చచ్చిన జీవులు మరొకనాడు గంటల తరబడి ఈదులాడుచుండెను. మరొకడైనచో లెక్క తప్పినదని కాగితము చింపివేసెడివాడు. రాబ్ మాత్రం గదిలోని వెలుగును గమనించెను. చీకటిలో ఆ మందు దాదాపు నిరపాయకరము. వెలుగులో అదే ప్రాణాంతకము. 1900లో అతడీ సంగతి ప్రకటించెను. ఈ క్రియకు ప్రాణవాయువు కూడ కావలెనని టాపైనర్, అతని సహచరులు పిమ్మట తేల్చిరి.

శ్రోతలారా, ఇందులోని కిటుకు ఇది. కొన్ని రంగుపదార్థములు వెలుగును పీల్చుకొని, ఆ శక్తిని చెంతనున్న ప్రాణవాయువునకు అందించును. పెండ్లిళ్ల పేరయ్యవలె ఇరువురిని కలిపి, తాము మరల మరొక పనికి సిద్ధమగును. ఉద్రేకము పొందిన ఆ ప్రాణవాయువు నీటిలో సెకనులో లక్షవ వంతు కాలమైనను నిలువదు. కాని ఆలోపుననే సూక్ష్మజీవి పైపొరను, మాంసకృత్తులను, దొరికినదానినెల్ల కాల్చివేయును. ఆయుర్దాయము స్వల్పమగుటచే దూరము పోజాలదు. రంగు ఎచ్చట అంటినదో అచ్చటనే దెబ్బ.

1928లో ఫ్లెమింగ్ పెన్సిలిన్‌ను కనుగొనిన పిదప ఈ మార్గము మూలపడెను. మందు మ్రింగిన తగ్గు జబ్బునకు దీపమెందుకు? అయితే చాలీచాలని మోతాదు వాడినచో సూక్ష్మజీవులు మందునకు లొంగకుండ తయారగునని 1945లో నోబెల్ ఉపన్యాసమున ఫ్లెమింగే హెచ్చరించెను. అట్లే జరిగినది. రెండు బిళ్ళలకు జ్వరము తగ్గగానే మిగిలినవి అలమరలో దాచు అలవాటు మన ఇండ్లలోను కలదు. ఒక్క గురిని కొట్టు మందునుండి సూక్ష్మజీవి తప్పించుకొనగలదు. ఒకేసారి పదిచోట్ల కాల్చుదానినుండి తప్పించుకొనుట కష్టము. అందుచేతనే శాస్త్రజ్ఞులు మరల రాబ్ దారి పట్టిరి.

మిథిలీన్ బ్లూ అను నీలిరంగు, దానికి 660 నానోమీటర్ల ప్రాంతపు ఎర్రని వెలుగు: ఇది నేడు పేరుపొందిన జంట. (బట్టలకు పెట్టు నీలిమందు ఇది కాదు; ఎవరును పుండుపై ప్రయోగింపరాదు.) కొన్ని దేశములలో దంతవైద్యులు చిగుళ్ల వ్యాధికి, శుభ్రపరచిన పిదప, దీనిని తోడుగా వాడుచున్నారు. మధుమేహము గలవారి మానని కాలిపుండ్లపైనను పరీక్షలు జరిగినవి. రక్తములో వ్యాపించిన వ్యాధికి మాత్రం ఇది పనికిరాదు. ఎర్రని వెలుగైనను దేహములోనికి కొన్ని మిల్లీమీటర్లు మించి బలముగా చొరదు. మరియు, గ్రామ్ నెగెటివ్ జాతి సూక్ష్మజీవులకు అదనముగ ఒక వెలుపలి పొర కలదు. సాధారణముగ ధన విద్యుదావేశము గల రంగులే దానిని బాగుగ దాటగలవు. మన దేహకణములకు హాని కలుగని మోతాదును నిర్ణయించుట వేరొక కష్టము.

మన పసుపులోని కుర్కుమిన్‌ను సైతము నీలపు వెలుగుతో కలిపి నోటిలోని సూక్ష్మజీవులపై పరీక్షించిరి. కాని అది నీటిలో సరిగా కరగదు. పైగా వెలుగునకు తానే చెడిపోవును. పసుపు పెట్టిన బట్ట ఎండలో వెలిసిపోవుట గృహిణులు ఎరుగనిది కాదు.