మన చెప్పుకు మార్కులేసేదెవరు?

(తోలు పనివాళ్ల సభలో ఒక కార్యకర్త చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే, కొంచెం కుదించి అచ్చువేస్తున్నాం.)

 

నన్ను మేళాల గురించి, అంటే పట్నాల్లో పెట్టే హస్తకళల సంతల గురించి మాట్లాడమన్నరు. ముందుగాల ఈ జత చెప్పులు బల్ల మీద పెడుతున్నాను. ఇవి నేను కుట్టినవి. రెండేళ్ల కింద ఒక పెద్ద మేళా ఎంపిక కమిటీ ఈ జతనే "నాణ్యతా ప్రమాణాలకు తగినట్టు లేవు" అని వెనక్కి పంపింది. మేళా పేరు చెప్పను. అది ఒక్క మేళా సంగతి కాదు.

కమిటీలో ముగ్గురు కూచున్నరు. ఒకరు డిజైనరమ్మ, ఒకరు ఆఫీసరు, ఒకరు ఎగుమతి వ్యాపారి. నా ముందు కుండల ఆయన పోయిండు, నా తర్వాత చీరెల ఆమె వచ్చింది. కుండను చేతిలోకి తీసుకున్నరు, చీరెను చెంపకు ఆనించుకుని చూసిన్రు. నా చెప్పును మాత్రం బల్ల మీదనే ఉంచి పెన్నుతో తిప్పిన్రు. "ఫినిషింగ్ లేదు, వాసనుంది, సైజులు సరిగ లేవు" అన్నరు. తోలు ఎక్కడిది, ఎవరు ఊనిన్రు, ఏ చెక్క వాడిన్రు అని ఒక్కరూ అడగలే. ఎందుకు తీసేసిన్రో కాగితం మీద రాసియ్యమంటే "అట్లాంటి పద్ధతి లేదు" అన్నరు.

తర్వాత ఆ మేళాకు టికెట్టు కొనుక్కుని పోయి చూసిన. ఒక స్టాల్లో సంప్రదాయ చెప్పులని బోర్డు. చేతికి తీసుకుని అంచు విప్పి చూస్తే లోపల రెగ్జిన్, కింద అట్ట అతుకు. మిషన్ కుట్టు. అవి పాసైనయ్.

నాణ్యత అనేది మనకు తెల్వని మాటా? మన తాతల మీద ఉన్నంత కఠినమైన పరీక్ష ఈ దేశంలో ఏ కళాకారుని మీదా లేదు. మోట కొట్టే కాలంలో బొక్కెన తొండం ఒక్క బొట్టు కారితే ఆ ఏడు కల్లం కాడ గింజలు కోత పడేవి. కాపుకు కుట్టిన చెప్పు నల్లరేగడి బురదలో వానకాలం అంతా నడవాలె. ఉంగటం తెగితే పిలుపొచ్చేది, ఊరికే కుట్టియ్యాలె. కిర్రు చెప్పులైతే కిర్రుమనకపోతే దొరకు కోపం. డప్పు సంగతి చూడండి. మేక తోలును చింతగింజల బంకతో చట్రానికి బిగించి, ఆరిన తర్వాత మంట మీద కాక చూపి, సిర్రతో ఒక్క దెబ్బ కొడితే చాలు, వాడ ముసలోళ్లు దూరం నుంచే చెప్పేవాళ్లు ఇది పలుకుతదా లేదా అని. అదీ జ్యూరీ అంటే. వాళ్లకు పని తెలుసు.

అయితే ఆ పాత కాలాన్ని నేను పొగడటం లేదు. ఆ పరీక్ష వెనక వెట్టి ఉంది, కర్ర ఉంది. చెప్పును పరీక్షించే కాపు దాన్ని నీళ్లు చల్లి తీసుకునేవాడు. చెప్పు కుట్టినోడు అదే చెప్పు కాళ్లకు తొడుక్కుని ఊరి బజారున నడిస్తే కొట్టేవాళ్లు. అప్పుడు కొలిచేవాడికి మన చేతి పని కావాలె, మన చెయ్యి అక్కర్లేదు. ఇయ్యాల పెన్నుతో చెప్పును తిప్పినాయనకూ అంతే. నాకు బాధయింది అందుకు, స్టాలు రానందుకు కాదు.

చేర్యాల పటాల సంగతి మీకు తెలుసు. నకాషీ వాళ్లు రాసిన పటాన్ని దక్కలి వాళ్లు విప్పి పట్టుకుని మన వాడల్లో జాంబపురాణం చెప్తరు. బట్టకు చింతగింజల బంక, తెల్లమట్టి పూసి, మూరలకు మూరలు పొడుగున బొమ్మలు రాస్తరు. ఒక్కో బొమ్మ ఒక్కో ఘట్టం. పాట ముందుకు పోతుంటే పటం కిందికి జరగాలె. కథ తప్పితే వాడలో పెద్దలు ఒప్పుకోరు. అంటే ఆ పటం బాగుందా లేదా అని తేల్చింది మాదిగవాడ! ఇప్పుడు పట్నం మేళాలో ఆ కళ చట్రంలో బిగించిన జానెడు బొమ్మయింది, మాస్కు అయింది. దానికి రంగు చూసి, గీత చూసి మార్కులేస్తరు. రాసేవాళ్లు బతకాలె, కాదనను. కానీ పటం విప్పి పాడే దక్కలాయన ఏ కొలతలోనూ లేడు.

ఇక మన తప్పు కూడా మాట్లాడుకుందాం. కోపం తగ్గినంక ఇంటికొచ్చి ఆ మూడు మాటలూ మళ్లీ ఆలోచించిన. సైజుల మాట నిజం. మనం మనిషిని నిలబెట్టి పాదం గీసి కుడతం. పలానా మల్లయ్య కాలుకు కుట్టింది మల్లయ్యకే సరిపోతది. మేళాకు వచ్చేటోళ్లు మనకు తెల్వనోళ్లు. వాళ్లకు ఆరు, ఏడు, ఎనిమిది అని నంబరు కావాలె, ఎడమా కుడీ ఒక్కతీరుగ ఉండాలె. అందుకు కర్ర ఫర్మాలు కావాలె. వాసన మాట సగం నిజం. లందలో తంగేడు చెక్క, కరక్కాయ నీళ్లల్ల ఉండాల్సినన్ని రోజులు ఉంచకుండ తొందరపడి తీస్తే తోలు వాసనొస్తది, పట్నం ఇంట్లో వానకాలం బూజు పడతది. నేను ఆ జతకు తొందరపడ్డాను, అప్లికేషన్ తారీఖు దగ్గర పడిందని. మనోళ్లే కొందరు సిటీ నుంచి డజన్ల లెక్కన రెడీమేడ్ చెప్పులు తెచ్చి, మేమే కుట్టినమని స్టాల్లో పెడుతున్నరు. వాళ్లను మందలించే హక్కు ముందు మనకే ఉంది. ప్రమాణమే వద్దంటే ఆ రెగ్జిన్ స్టాలాయనకే లాభం. ప్రమాణం ఉండాలె. కానీ అది ముందే రాసి, అందరికీ చదివి వినిపించి ఉండాలె.

తోలు మందం సమంగ లేదంటరు. తోలు ఎక్కడ దొరుకుతుంది? 2015లో మహారాష్ట్రలో ఎద్దుల వధ మీద కూడా నిషేధం తెచ్చిన్రు. 2016 జూలైలో గుజరాత్ ఊనాలో చచ్చిన ఆవు తోలు ఒలుస్తున్న మన పిల్లలను కారుకు కట్టేసి ఇనుప గొట్టాలతో కొట్టిన్రు, వీడియో తీసి చూపించుకున్నరు. తోలు మోసుకొచ్చేటోని వీపు పగలగొట్టి, చెప్పు దగ్గరికొచ్చేసరికి "మెటీరియల్ క్వాలిటీ" అడుగుతరు.

కొల్హాపురి చెప్పుల కథ వినండి. మహారాష్ట్రలో నాలుగు జిల్లాలు, కర్ణాటకలో నాలుగు జిల్లాల పనివాళ్ల చెప్పు అది. చమార్, ఢోర్, మాంగ్ కులాల చేతిపని. 2019లో దానికి భౌగోళిక గుర్తింపు, అదే జీఐ, వచ్చింది. పేరు రెండు రాష్ట్రాల తోలు కార్పొరేషన్ల మీద ఉంది. గుర్తింపు వచ్చినంత మాత్రాన కుట్టేవాడికి ఆ ముద్ర రాదు. అధీకృత వాడకందారుగా ఒక్కొక్కరూ మళ్లీ దరఖాస్తు పెట్టి రిజిస్టరులో పేరెక్కించుకోవాలె. 2025 జూన్‌లో ఇటలీలోని మిలాన్‌లో ప్రాడా కంపెనీ అచ్చం అట్లాంటి చెప్పులే తొడిగించి మోడళ్లను నడిపించింది. మొదట ఎక్కడివో చెప్పలేదు. గోల లేచినంకనే భారతదేశపు చేతిపని నుంచి వచ్చినవని ఒప్పుకుంది. అదే తోలు, అదే కుట్టు, అదే ఉంగటం. మనం పెడితే ఫినిషింగ్ లేదు, వాళ్లు పెడితే ఫ్యాషన్!

పొద్దున ఒక తమ్ముడు లేచి అడిగిండు: "అంబేడ్కర్ చచ్చిన పశువులను మొయ్యొద్దన్నడు గదా, మీరేమో ఆరె, రంపె పట్టుకుని మేళాలంటున్నరు, మళ్లీ మమ్మల్ని లందలోకి దింపుతరా?" మంచి ప్రశ్న. 1927లో మహాడ్‌లో బాబాసాహెబ్ చెప్పింది నిజమే. కులం పేరుతో నెత్తిన పెట్టిన పని విడవాల్సిందే. నా కొడుకు పాలిటెక్నిక్ చదువుతుండు, వాడికి రంపె ఇయ్యను. కానీ ఇయ్యాల ఈ పని మీదనే పొయ్యి వెలుగుతున్న ఇండ్లున్నయి. వాళ్లకు పూర్తి ధర రావాలె, మర్యాద రావాలె. పనికి మర్యాద వచ్చిన్నాడే దాన్ని ఇష్టంతో పట్టుకోవచ్చు, ఇష్టంతో విడవొచ్చు. తమ్ముడు ఇంకా ఒప్పుకోలేదు, మొహంలో కనపడుతున్నది. కానియ్, భోజనాల కాడ మాట్లాడుకుందాం.

అక్కలకు ఒక మాట. కేంద్ర హస్తకళల శాఖ వాళ్లు పహచాన్ అని శిల్పి కార్డు ఇస్తరు. ఆ కార్డు మీద మగాయన పేరే ఉంటది మన ఇండ్లల్ల. తంగేడు చెక్క దంచేదెవరు, తోలు కడిగేదెవరు? మీ పేరున కూడా దరఖాస్తు పెట్టండి. కార్డు లేకుంటే సర్కారు మేళాల్లో గడప కూడా ఎక్కనియ్యరు.

ఒక అర్జీ రాసుకొచ్చిన. తోలు వస్తువులను ఎంపిక చేసే కమిటీలో తోలు పని చేసినోళ్లు కనీసం ఒకరు కూచోవాలె. ప్రమాణాలు తెలుగులో ముందుగా అచ్చేసి ఇయ్యాలె. తిరగ్గొడితే కారణం రాసియ్యాలె, సరిచేసుకొచ్చేందుకు గడువియ్యాలె. మన వైపు నుంచి కూడా ఒక మాట రాసిన: బయట కొన్న సరుకు పెట్టినోళ్లను మేమే పట్టిస్తం. ఈ చివరి వాక్యం మీద నిన్న రాత్రి కొందరు గొడవ పడ్డరు, తీసెయ్యమన్నరు. నేను తియ్యలేదు. కావాలంటే ఇప్పుడు చేతులెత్తి తేల్చండి.

అర్జీ ఈ చెప్పుల పక్కనే పెడుతున్నాను. వేలిముద్ర వేసేవాళ్లకు స్టాంపు ప్యాడ్ ఉంది. చెప్పులు కూడా చేతికి తీసుకుని చూడండి. ఎడమ చెప్పు అంచున కుట్టు ఒక చోట వంకర పోయింది, దాన్ని ఎట్ల సరిచెయ్యాలెనో పెద్దలు చెప్తే నేర్చుకుంట.