యతీంఖానాలో అతిథులమై కూర్చున్న రోజు

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



యతీం పిల్లల సేవ గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు మమ్మల్ని పురమాయించారు. సేవ గురించి చెప్పే అర్హత మాకంతగా లేదు. చేసిన కొద్దిపాటి పనీ మధ్యలో వదిలేసినవాళ్లం. ఆ సంగతే చెబుతాం.

1996లో మేము నలుగురం, నంద్యాల కుర్రవాళ్లం, కర్నూలులో డిగ్రీ చదువుతూ ఒకే గదిలో ఉండేవాళ్లం. దగ్గర్లోనే ఒక యతీంఖానా. జుమా నమాజు దగ్గర దాని పెద్దాయన పరిచయమై, "బాబూ, మా పిల్లలు లెక్కల్లో గట్టెక్కుతున్నారు గాని తెలుగులో మునిగిపోతున్నారు. ఆదివారాలు వచ్చి చెప్పరాదా?" అన్నారు. వెళ్లాం. ఇంట్లోనూ ఉర్దూ, బడిలోనూ ఉర్దూ. ఆ పిల్లలకు తెలుగు వత్తులంటే వణుకు. తెలుగు తప్పితే పదో తరగతి తప్పినట్టే కదా! 'ల'కూ 'ళ'కూ తేడా చెప్పేసరికి మాకే చెమటలు పట్టేవి. (మాకు మాత్రం అంత బాగా వచ్చునా ఏమిటి!) రేకుల షెడ్డు, ఒక నల్లబల్ల, నలభై మంది పిల్లలు. పాఠమయ్యాక గోలీలాట. "భాయ్‌జాన్, భాయ్‌జాన్" అంటూ చుట్టుముట్టేవారు. రెండేళ్లు అలా గడిచాయి.

ఇంకో పని కూడా మా మీదే ఉండేది. అతిథులు వస్తున్నారంటే పిల్లలకు తలలు దువ్వి, టోపీలు సరిచేసి, గేటు నుంచి వరండా దాకా రెండు వరసల్లో నిలబెట్టేది మేమే. ఒకసారి పదకొండింటికి వస్తామన్న దాతగారు రెండింటికి గాని రాలేదు. అందరికన్నా చిన్నవాడు, ఆరేళ్లుంటాయేమో, ఒంటికి పోయొస్తానని రెండుసార్లు అడిగాడు. "వరస చెదిరిపోతుంది, ఆగరా" అన్నాం. వాడు నిలబడ్డచోటే నిక్కరు తడుపుకున్నాడు. తోటిపిల్లలు నవ్వారు. వాడు ఏడవలేదు, నేలచూపులు చూస్తూ నిలబడ్డాడు. దాతగారి కంట పడకుండా మేము వాణ్ణి గబగబా వెనక్కి తోసేశాం.

1998లో పరీక్షలయ్యాయి. "మళ్లీ వస్తాం" అని పిల్లలతో చెప్పి బస్సెక్కాం. తరువాత ఉద్యోగాలు, పెళ్లిళ్లు. ఒకరు కువైట్ వెళ్లారు, ఒకరు అల్లాహ్ సన్నిధికి చేరారు. కోర్టు పనులకు, ఆస్పత్రి పనులకు కర్నూలు ఎన్నిసార్లో వెళ్లాం గాని ఆ వీధివైపు తిరగలేదు.

2023లో అక్కడివారు మా అడ్రసు ఎలాగో పట్టుకుని, అతిథులుగా రమ్మని పిలిచారు. ఇక్కడున్న మేమిద్దరం బయల్దేరాం. దారిలో బంధువుల ఇంట్లో నాష్టాకు ఆగి, మాటల్లో పడి, గంటన్నర ఆలస్యంగా చేరాం. గేటు దగ్గర పిల్లలు రెండు వరసల్లో నిలబడి ఉన్నారు. ఎండ నెత్తిమీదికి వచ్చింది. కాసేపు మాకు కాళ్లాడలేదు. ముందు పిల్లల్ని కూర్చోబెట్టమని, మంచినీళ్లు ఇవ్వమని బతిమాలాం.

శాలువాలు కప్పారు. పాత షెడ్డు లేదు, డాబా కట్టారు. 2009 అక్టోబరు వరదలో కర్నూలు మునిగినప్పుడు హాజరుపట్టీలన్నీ పోయాయట. చాయ్ తెచ్చిచ్చిన వార్డెను మా ముఖాల్లోకి చూసి, "గుర్తుపట్టలేదా సార్? మీ దగ్గరే తెలుగు నేర్చుకున్నాను. మీరు వెళ్లాక చాలా రోజులు ఆదివారం ఆదివారం గేటు దగ్గర చూసేవాళ్లం" అన్నాడు. నిష్ఠూరంగా అనలేదు, మామూలుగానే అన్నాడు. ఆనాటి భాయ్‌జాన్‌లం ఇప్పుడు సార్లమయ్యాం.

ఆ చిన్నవాడు ఏమయ్యాడని అడిగాం. "వాళ్లమ్మ వచ్చి తీసుకెళ్లింది సార్."

"వాడికి అమ్మ ఉందా?"

"చాలామందికి ఉంది సార్. అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది."

రెండేళ్లు పాఠాలు చెప్పి, ఆ ఒక్క ప్రశ్న మేము అడగలేదు. తండ్రి పోతే చాలు, తల్లి ఉన్నా, ఈడు వచ్చేదాకా ఆ బిడ్డ యతీమే. మన ప్రవక్త (స) పుట్టకముందే తండ్రిని, ఆరో ఏట తల్లిని పోగొట్టుకున్నారని ప్రతి సభలో చెబుతాం. చెప్పి భోజనాలకు లేస్తాం. పత్తి కూలికో, ఇళ్లల్లో పాచిపనికో పోయే తల్లి తిండి పెట్టలేక బిడ్డను గేటు దగ్గర దిగబెట్టి వెళ్తుంది. యతీంఖానాలు అక్కర్లేదని మేము అనడంలేదు. ఎవరూ లేని పిల్లలకు అదే ఇల్లు. తల్లి ఉన్న బిడ్డకు మన సాయం ఆ తల్లి ఇంటికే చేరకూడదా అన్నదే మా ప్రశ్న.

2022 నాటి మిషన్ వాత్సల్య మార్గదర్శకాల్లో ఇలాంటి పిల్లలకు నెలకు 4,000 రూపాయల సాయం పెట్టారు. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, ఇతర చోట్ల 96,000 దాటకూడదు. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో అర్జీ పెట్టాలి. భర్త మరణ ధ్రువపత్రం, ఆదాయ సర్టిఫికెట్టు, బ్యాంకు ఖాతా... ఈ కాగితాల దగ్గరే ఆ తల్లులు అలసిపోతారు. ఒకరోజు కూలి పోతే ఆ రోజు పొయ్యి వెలగదు. మన సంఘంలో రిటైరైన గుమాస్తాలు, మాస్టర్లు ఎందరో ఉన్నారు. కాగితం రాయడం మీకు కొత్తా?

వార్డెను ఇంకొకటి చెప్పాడు. రంజాన్‌లో బిర్యానీ దేగ్‌లు ఎక్కువై పంచిపెడతారట. జూన్‌లో నోటుపుస్తకాలకు, బూట్లకు మాత్రం అప్పు చేస్తారట. జకాతు లెక్క వేసుకునేటప్పుడు జూన్‌ను కూడా తలుచుకోండి.

బయట బల్లమీద ఒక నోటుపుస్తకం పెట్టాం. అర్జీలు రాయగలవారు ఒకవైపు, ఆదివారం పాఠం చెప్పగలవారు ఇంకోవైపు పేర్లు రాయండి. రానని తెలిస్తే రాయకండి, పిల్లలు గేటు దగ్గర చూస్తారు. మేమిద్దరం వచ్చే ఆదివారం వెళ్తున్నాం. బస్సు ఉదయం ఆరున్నరకు. ఈసారి దారిలో నాష్టాకు ఆగం.