పాత కంప్యూటరు – కాలిన కెపాసిటరు
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఇంజనీరును కాను, ముప్పై అయిదేళ్లు ఫైళ్లు చూసిన గుమాస్తాను. కార్యదర్శిగారు ఆ కంప్యూటరు సంగతి చెప్పమన్నారు కనుక నాలుగు మాటలు మనవి చేస్తాను.

1994లో మా అబ్బాయి చదువు కోసం ఒక పాత పి.సి.-ఎక్స్.టి. కొన్నాను. ఐ.బి.ఎం. వారు 1983లో తెచ్చిన నమూనాకు అది నకలు. మా నాన్నగారు చెబుతుంటే నా శ్రీమతి దానిమీద మా వంశవృక్షం టైపు చేసి ఫ్లాపీలో దాచింది. ఇప్పుడు వారిద్దరూ లేరు. కాగితం ప్రతి వానకు తడిసి పాడైంది. అయిదుంపావు అంగుళాల ఆ ఫ్లాపీని చదివే యంత్రం మా ఇంట్లో అదొక్కటే.

చాలా ఏళ్ల తర్వాత మొన్న సంక్రాంతికి స్విచ్చి వేశాను. టప్పుమని శబ్దం, పొగ, కమురు వాసన! మళ్లీ వేస్తే ఫ్యాను ఒకసారి కదిలి ఆగిపోయింది. "తాతయ్యా, ఇంక వెయ్యకు" అంటూ పాలిటెక్నిక్ చదివే మా మనవడు ప్లగ్గు పీకేశాడు.

మూత విప్పితే, మదర్‌బోర్డు మీద శనగగింజంత టాంటలమ్ కెపాసిటర్ ఒకటి మాడి ఉంది. 12 వోల్టుల లైనులో 16 వోల్టుల రకం వేశారు. వెసులుబాటు తక్కువ. ఏళ్ల తరబడి వాడకపోతే ఇలాంటివి కరెంటు రాగానే షార్టు కావచ్చు. షార్టు ఉంటే పవర్ సప్లై తనంతట తానే ఆగిపోతుంది. అది జబ్బు కాదు, జాగ్రత్త.

మనవడు కార్డులన్నీ తీసి, పవర్ కనెక్టర్లు ఊడదీసి, ఒక్కొక్క లైనుకూ గ్రౌండుకూ మధ్య మల్టీమీటరుతో కొలిచాడు. మాడినదాన్ని కత్తిరించగానే 12 వోల్టుల లైను బాగుపడింది. కాని మైనస్ 12 లైనులో సున్నా ఓములే! అక్కడి కెపాసిటర్ చూడటానికి నిగనిగలాడుతోంది, అయినా షార్టు అందులోనే ఉంది. ఒక అభ్యంతరం తీర్చగానే ఫైలు కదలదని మనకు తెలియనిదా?

రెండింటి స్థానంలో అదే విలువగల 25 వోల్టులవి, ప్లస్ గుర్తు చూసి టంకం పెట్టాడు. తిరగేసి పెడితే మళ్లీ కాలతాయి. పవర్ సప్లై పెట్టె మాత్రం విప్పలేదు. ప్లగ్గు తీసినా అందులో కరెంటు నిలవ ఉండవచ్చు.

ఫ్లాపీ కరకరలాడి, తెరమీద మా ముత్తాతగారి పేరు వచ్చింది. ఇంటి కోడళ్ల వరుసలో నా శ్రీమతి తన పేరొక్కటే వేసుకోలేదు. నేను చేర్చాను. ఆ రోజే తెరను ఫోనులో ఫొటోలు తీసి, ప్రింట్లు అందరికీ పంచాం.

మిత్రులారా! పాత యంత్రం పొగ వస్తే నాలాగా రెండోసారి స్విచ్చి వేయకండి. మాడినది ఒక్కటే దోషి అనుకోకండి. అన్నిటికంటే ముందు, అందులో దాచినవాటిని ఈ రోజే కాగితం మీదికి తెచ్చుకోండి. సెలవు.