రేచెల్ నోరు విప్పదు

1868లో విల్కీ కాలిన్స్ రాసిన 'ది మూన్‌స్టోన్' నవలలో, శ్రీరంగపట్నం ముట్టడిలో వజ్రం దోచుకున్న ఇంగ్లీషువాడు దాన్ని మేనకోడలు రేచెల్‌కు రాసిపోతాడు. పుట్టినరోజు రాత్రే అది మాయం! బి.బి.సి. వారు ఈ కథను 1972, 1996, 2016లలో టెలివిజన్‌కు ఎక్కించారు.

1848 నాటి గౌన్లూ, గుర్రబ్బళ్ళూ డబ్బు పెడితే దొరుకుతాయి. చిక్కంతా రేచెల్‌తోనే. నవలలో ముసలి నౌకరూ, వకీలూ, ఇంకొందరూ తలా కాస్త కథ చెబుతారు; పాపం, వజ్రం పోగొట్టుకున్న పిల్లకు ఒక్క అధ్యాయమైనా లేదు! ఆమె దొంగను కళ్ళారా చూసింది. అయినా చెప్పదు. పుస్తకంలో ఆ మౌనం చెల్లుతుంది. కెమెరా మాత్రం ఆమె ముఖం చూపించాల్సిందే, గుట్టు మాత్రం బయటపడకూడదు. నటికి మాటల్లేని పరీక్ష కదండీ అది!

ఇంతకీ దొంగెవరంటారా? రేచెలే చెప్పలేదు, నేనెలా చెప్పను?