ఇత్తడి రేకుతో విజయంత

(ప్లాటినం జూబిలీ విజ్ఞాన ప్రదర్శన ప్రారంభ సభలో ప్రధానోపాధ్యాయిని ప్రసంగ పాఠము)



లోపల మూడవ బల్లమీద, అద్దాల పెట్టెలో ఒక చిన్న యుద్ధ ట్యాంకు ఉన్నది. పేరు విజయంత. బ్రిటన్ దేశపు వికర్స్ సంస్థ నమూనాను అనుసరించి, మన ఆవడి భారీ వాహనాల కర్మాగారంలో 1965 నుండి తయారైన ట్యాంకు అది. నలుగురు సిబ్బంది, 105 మిల్లీమీటర్ల ఫిరంగి, ఒక్కొక్క ప్రక్క ఆరేసి చక్రములు. ఇప్పుడు సైన్యంలో లేదు. మన బడికి పిల్లలను పంపిన తండ్రులలో కొందరు ఆ కర్మాగారంలో పనిచేసినవారే కనుక, ఈ బొమ్మ ఇక్కడికి రావడం వింత కాదు.

చేసినది పదవ తరగతి విద్యార్థి. అసలులో 35వ వంతు కొలత. ఈ 35 ఎక్కడిదని అడిగితే నాకు నవ్వు వచ్చే సమాధానం దొరికినది. 1960ల ఆరంభంలో జపానులోని తమియా సంస్థవారు పాంథర్ అనే జర్మన్ ట్యాంకు బొమ్మను, లోపల మోటారూ రెండు బ్యాటరీలూ పట్టేటంత పరిమాణంలో చేసినారట. తీరా లెక్క చూసుకుంటే అది 35వ వంతు అయినది. తరువాత తక్కినవారూ దానినే పట్టుకొన్నారు.

అసలు ట్యాంకు వెడల్పు సుమారు 3.17 మీటర్లు, బొమ్మలో తొమ్మిది సెంటీమీటర్లు. ఇంతవరకు తేలిక లెక్కయే. చిక్కంతా పలుచని భాగాలతో. మూడు మిల్లీమీటర్ల ఇనుపరేకు బొమ్మలో మిల్లీమీటరులో పదవ వంతు కూడా ఉండదు. ప్లాస్టిక్‌ను అచ్చులో అంత పలుచగా పోయడం సాధ్యం కాదు. అందుకు ఇత్తడి కావలసి వచ్చినది. రేకుకు రెండు వైపులా కాంతికి స్పందించే పూత పూసి, బొమ్మ గీసిన ఫిల్ము ఆనించి, అతినీలలోహిత కాంతి పడనిస్తారు. కాంతి తగిలిన పూత గట్టిపడుతుంది. మిగిలినది కడిగివేసి ఫెర్రిక్ క్లోరైడు ద్రావణంలో ఉంచితే, పూత లేనిచోట ఇత్తడి కరిగిపోతుంది. ఒక వైపు మాత్రమే తెరిచి ఉంచిన గీత సగం లోతు వరకే తినబడుతుంది. రేకును వంచవలసినది అక్కడనే, గీత లోపలికి వచ్చేటట్లు.

ఇక నా తప్పు చెప్పుకోవలెను. ఒకనాడు భౌతికశాస్త్రం పాఠం జరుగుతుండగా ఈ బాలుని పుస్తకం క్రింద అరచేతి పాటి ఇత్తడి రేకు కనిపించినది. తీసుకొన్నాను. యుద్ధపు బొమ్మలు బడికి తగవని నా అభిప్రాయం. అది ఇప్పటికీ పూర్తిగా మారలేదు. రేకును సొరుగులో పెట్టి, దానిమీద హాజరుపట్టీల కట్ట పెట్టినాను. రెండు వారాల తరువాత తీసి చూస్తే రేకంతా మడతలు. అతడు ఒక్క మాట అనలేదు. చేతిలోకి తీసుకొని, "ఫరవాలేదు టీచరుగారూ" అని వెళ్ళిపోయినాడు. తిట్టినా అంత బాధ కలిగేది కాదు.

మరునాడు వచ్చి ప్రయోగశాలలో స్పిరిటు దీపం వెలిగించుకొంటానని అడిగినాడు. నేనే ప్రక్కన నిలిచినాను. సాగగొట్టిన ఇత్తడి బిరుసుగా ఉంటుంది, కాచితే మెత్తబడుతుంది. అంత పలుచని రేకు మంటలో క్షణం ఎక్కువ ఉన్నా పాడైపోతుంది. శ్రావణంతో పట్టి, రంగు చూస్తూ, కాచి, చల్లార్చి, రెండు గాజు పలకల నడుమ అదిమి సరిచేసినాడు. ఈ విద్య అతని మేనమామది. ఆయనది కంసాలి పని. ఏళ్ళ తరబడి బొరాక్స్ అని పాఠం చెప్పిన నేను, వెలిగారం అంటే అదేనని ఈ పిల్లవాని నోట విన్నాను. బంగారు పనికి వెలిగారం సరే గాని, ఇంత సన్నని ఇత్తడికి ఆ వేడి తగదట. తగరం కలిసిన మెత్తని టంకం చాలునట. ప్లాస్టిక్ మీద అంటించేచోట టంకం కుదరదు, జిగురే. అంచులు ఆకురాయితో నునుపు చేసి, ముందొక పూత వేసి, ఆపైన రంగు వేసినాడు. ఫిరంగి గొట్టం మాత్రం లేతు మీద తరిగిన ఇత్తడి కడ్డీ.

అన్నీ నిలిచినవి, ఒక్కటి తప్ప. ఎడమ మడ్‌గార్డు మీద పారను పట్టి ఉంచే కొక్కెం మడత దగ్గర విరిగిపోయినది. మరొక రేకు తెప్పిస్తానన్నాను, వద్దన్నాడు. ఆ చోటు అట్లాగే ఖాళీగా ఉన్నది. దయచేసి పెట్టె మూత తీయకండి. బాలుడు ప్రక్కనే ఉంటాడు, అడిగితే అన్నీ చూపుతాడు. ఆ కొక్కెం ఏమైనదని అడిగేవారికి నా పేరు చెప్పవద్దని నేను అతనితో అనలేదు.