చారిత్రక నవల: రహస్యము, ప్రణయము



జమలాపురపు వేంకటేశ్వరుని కొండకు చేరువనున్న ఈ ఎర్రుపాలెమున సాహిత్యసభ జరుపుట, అందు నన్ను అధ్యక్షస్థానమున కూర్చుండబెట్టుట మీ వాత్సల్యమునకు గుర్తు. కృతజ్ఞతలతో కాలము గడపక విషయమునకు వచ్చెదను. చారిత్రక నవలలో ఒక చిక్కుముడి యుండగా, దానిని విప్పవలసిన రచయిత నడుమ ఆగి వెన్నెలను, విరహమును వర్ణింప పూనుకొన్నచో ఆ నవల యేమగునన్నది నా ప్రశ్న. ఇందుకు అడివి బాపిరాజుగారి 'గోన గన్నారెడ్డి'ని తీసికొనుచున్నాను. అది నాకు మిక్కిలి ఇష్టమైన పుస్తకము గనుకనే.

ఆ నవలకు పునాది అద్భుతమైనది. పెండ్లినాడు వరుని ఎత్తుకొనిపోయిన గజదొంగ ఎట్టివాడు, సామంతుల ధనమును కొల్లగొట్టి ఎవరి పక్షమున పనిచేయుచున్నాడు, ఓరుగల్లున పురుషవేషమున రుద్రదేవుడై యున్న రుద్రమ అంతరంగమేమి: ఈ ప్రశ్నలు చాలును, పాఠకుడు దీపమార్పక చదువుటకు. కాని కవియు చిత్రకారుడునైన బాపిరాజుగారి మనస్సు ప్రశ్నలకన్న ముఖకాంతులయందే ఎక్కువగా నిలిచినది. అన్నాంబిక గన్నారెడ్డిని తలచుకొన్నప్పుడెల్ల, రుద్రమ చాళుక్య వీరభద్రుని చూచినప్పుడెల్ల కథ నిలిచిపోయి కవిత్వము సాగును. విసుగు మాట అటుండనిండు, అసలు నష్టము వేఱొకటి: నాయిక అంతగా ప్రేమించినవాడు దుష్టుడు కాజాలడని పాఠకుడు వెంటనే గ్రహించును, రచయిత దాచదలచిన దానిని ఆయన నాయికయే బయటపెట్టివేయును.

ప్రేమ వలదని నేననుట లేదు. విశ్వనాథవారి 'ఏకవీర'లో మధుర నాయకరాజుల కాలము నేపథ్యము మాత్రమే. ఇరువురు మిత్రుల దాంపత్యములు తారుమారగుటయే కథ గనుక అచ్చట ప్రణయము బరువు కాలేదు.

నిజమునకు రుద్రమ చరిత్రలో కల్పింపనక్కరలేని రహస్యములే కలవు. వెనిసు యాత్రికుడు మార్కోపోలో ఆమెను మృతుడైన రాజునకు భార్యగా పేర్కొనెను. 1261 నాటి మల్కాపుర శాసనము గణపతిదేవుని కూతురనుచున్నది. విద్యానాథుని 'ప్రతాపరుద్రీయము' తండ్రి ఆమెను పుత్రునిగా ఎంచి రుద్రుడని పేరిడెనని చెప్పుచున్నది. కూతురు కొడుకై ఏలిన రాజ్యమును దూరదేశపు వర్తకుడు అట్లు పొరపాటుగా అర్థము చేసికొనుట యెట్లు సంభవించెనన్నదే ఒక పెద్ద నవలకు చాలిన వస్తువు. గన్నయ, అనగా ఆ గన్నారెడ్డి, విషయమునను అంతే. 1294లో అతని సేనాని విఠ్ఠలుడు రాయచూరు కోటలో వ్రాయించిన శాసనము నలువది అడుగులకు మించిన ఒకే శిలపై నున్నది. ఆ శిలను బండిమీద దున్నలు లాగుకొనివచ్చిన దృశ్యమును సైతము అచ్చట చెక్కిరి. అంతటి రాతిని ఈడ్పించిన పక్షమువాడు విరహమున నిట్టూర్చుచుండగా చూచుట నాకు కొంచెము కష్టముగానే యుండును!

రుద్రమ మరణమో, మరింత గాఢమైన చిక్కు. 1289 నవంబరులో చందుపట్లయందు పువ్వుల ముమ్మడి అను సేవకుడు రుద్రమదేవికిని, సేనాని మల్లికార్జున నాయకునికిని పుణ్యముగా దేవునికి భూదానము చేసెను. రాణిని, సేనానిని ఒకే దానమున తలచుటనుబట్టి వారిరువురును ఒక్క యుద్ధముననే కూలియుందురని, శత్రువు కాయస్థ అంబదేవుడై యుండునని చరిత్రకారులు ఊహించిరి. శాసనము మాత్రము వారు శివలోకమునకు వెళ్లిరని చెప్పి ఊరకుండును. ఎచ్చట, ఎట్లు, ఎవని చేత అన్న ప్రశ్నలు మిగిలియే యున్నవి. బాపిరాజుగారు 1952లో కన్నుమూసిరి. ఈ శాసనము పండితచర్చకు వచ్చినది ఆ తరువాతనే. కావున వారిని తప్పుపట్టరాదు. మనకు అట్టి మినహాయింపు లేదు.

ఈ సభలోని యువరచయితలలో ఎవరైనను రుద్రమ కథను మరల చేపట్టదలచినచో, నాయికానాయకుల తొలిచూపును వ్రాయుటకు ముందు నకిరేకల్లు దగ్గరి ఆ చందుపట్లకు ఒకమారు పోయి, ఆ శాసనమును స్వయముగా చదివి రావలసినదని నా ప్రార్థన.